ఆకాశం కోసం కెమెరా: కొనే ముందు వేయాల్సిన అడుగులు

ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశంలో దాదాపు 3 డిగ్రీల మేర పరచుకుని ఉంటుంది. పక్కపక్కన ఆరు నిండు చందమామలను పేర్చినంత పొడవు. గురుగ్రహం మనకు బాగా దగ్గరగా వచ్చిన రోజుల్లో కూడా సుమారు 50 ఆర్క్‌సెకండ్లే. డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక భాగం ఆర్క్‌సెకండు, తెలుగులో వికల. అంటే మొదటిది రెండోదానికి రెండు వందల రెట్లకు పైగా పొడవు. పైగా గెలాక్సీ మసకగా ఉంటుంది, గ్రహం కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలుగుతుంది. ఈ రెండింటికీ సరిగ్గా సరిపోయే కెమెరాల మధ్య పోలిక చాలా తక్కువ.

అందుకే ఆకాశాన్ని తీయడానికి మంచి కెమెరా ఏదని అడిగినవారికి నేను మోడల్ పేరు చెప్పను. ఆకాశంలో దేన్ని తీయాలనుందో చెప్పమంటాను. ఆ జవాబు తేలితే మిగిలిన నిర్ణయాలు చాలావరకు గుణకారాలు, భాగహారాలతో తేలిపోతాయి. ఆ లెక్కలు వేయకుండా కొన్న ఖరీదైన కెమెరా అల్మారాలో పడి ఉండటం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కెమెరాతో పాటు ఒక మనిషి ఉత్సాహం కూడా అక్కడే ఆగిపోతుంది.

మొదటి అడుగు: ఏం తీయాలో తేల్చుకోండి

నేల, చెట్లు, కొండలతో కలిపి పాలపుంతను తీయాలంటే వెడల్పాటి లెన్సు, పెద్ద సెన్సర్ (కాంతిని పట్టే చిప్పు) ఉన్న మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ లేదా మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లెన్సు మార్చుకోగలిగే కెమెరా కావాలి. దీనికి ప్రత్యేక ఖగోళ కెమెరా అక్కర్లేదు.

చందమామ అందరినీ కరుణిస్తుంది. వెలుగు ఎక్కువ కాబట్టి ఏ కెమెరాతోనైనా తీయవచ్చు. టెలిస్కోపు కంటికటకం దగ్గర ఫోను పట్టుకున్నా ముచ్చటైన బొమ్మ వస్తుంది. సూర్యుణ్ణి తీయాలంటే మాత్రం లెన్సుకు లేదా టెలిస్కోపుకు ముందువైపున సౌర ఫిల్టరు బిగించాలి. ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు తిప్పిన డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లోకి చూస్తే కంటిచూపే పోవచ్చు. ఇందులో మినహాయింపు లేదు.

గ్రహాలకు కావలసింది వీడియో కెమెరా. గాలి పొరల కదలిక వల్ల గ్రహం బొమ్మ నీళ్ల అడుగున ఉన్న నాణెంలా వణుకుతూ ఉంటుంది. సెకనుకు వంద, రెండు వందల ఫ్రేముల చొప్పున వేలాది బొమ్మలు పట్టి, వాటిలో గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో దొరికిన మంచి ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌తో ఏరి కలుపుతారు. గురుగ్రహం 10 గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది కాబట్టి రెండు మూడు నిమిషాలకు మించి తీస్తే దాని మీది మచ్చలు చెదిరిపోతాయి. అంత తక్కువ సమయంలో అన్ని ఫ్రేములు పట్టాలంటే యూఎస్‌బీ 3.0 వేగం, చిన్న సెన్సర్, చిన్న పిక్సెళ్లు ఉన్న గ్రహ కెమెరా ఉత్తమం. 640×480 పరిమాణంలో, 8 బిట్లలో, సెకనుకు 200 ఫ్రేములు పడితే మూడు నిమిషాలకు దాదాపు 11 గిగాబైట్లు అవుతాయి. కాబట్టి కెమెరాతో పాటు వేగంగా రాసుకోగలిగే డిస్కు ఉన్న ల్యాప్‌టాప్ కూడా లెక్కలోకి వస్తుంది.

నీహారికలు, గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు ఇంకో దారి. ఇక్కడ వేగంతో పని లేదు, ఓపికతో పని. నిమిషాల తరబడి తీసిన ఫ్రేములను పదులు, వందల కొద్దీ కలపాలి. ఎక్కువమంది మనసు పడేది ఈ దారి మీదే, తప్పటడుగులు పడేదీ ఇక్కడే. అందుకే ఇకపై దీని గురించే ఎక్కువ చెబుతాను.

రెండో అడుగు: కెమెరాను దేని మీద నిలబెడతారు?

మామూలు ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి తీసేవారికి ఒక పాత సూత్రం ఉంది: 500ను లెన్సు ఫోకల్ దూరంతో (లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకెతో) భాగిస్తే, నక్షత్రాలు గీతలు కాకుండా ఎన్ని సెకన్లు తీయవచ్చో తెలుస్తుందంటారు. 24 మిల్లీమీటర్ల లెన్సుకు సుమారు 20 సెకన్లు వస్తుంది. దీన్ని సరిచూద్దాం. కెమెరా పిక్సెల్ వెడల్పు 4.3 మైక్రోమీటర్లు అనుకుంటే, 24 మి.మీ. లెన్సుతో ఒక్కో పిక్సెల్ మీద పడేది ఆకాశంలో సుమారు 37 ఆర్క్‌సెకండ్ల మేర. భూమి తిరగడం వల్ల ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం సెకనుకు 15 ఆర్క్‌సెకండ్ల చొప్పున జరుగుతుంది. 20 సెకన్లలో 300. అంటే నక్షత్రం ఎనిమిది పిక్సెళ్ల గీత అవుతుంది. ఫోను తెరపై చూస్తే తెలియకపోవచ్చు, పెద్దది చేసి చూస్తే వడ్ల గింజలు చల్లినట్టుంటుంది. ఆ సూత్రం ఫిల్ము రోజుల నాటిది. నేటి సన్నని పిక్సెళ్లకు అందులో సగం సమయం తీసుకుంటే మేలు.

అదే 400 మి.మీ. లెన్సయితే ట్రైపాడ్ మీద ఒక సెకను కూడా నిలవదు. భూభ్రమణానికి ఎదురుగా కెమెరాను తిప్పే ట్రాకర్ గానీ, అదే పని చేసే బరువైన పీఠం, ఈక్వటోరియల్ మౌంటు గానీ ఉండి తీరాలి. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. మీ దగ్గరున్న డబ్బులో ముందు మౌంటుకు వాటా తీయండి, మిగిలినదాంతో కెమెరా చూడండి. పదేళ్ల నాటి సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ మంచి మౌంటు మీద ఇచ్చే బొమ్మను, పెద్ద సెన్సర్ ఉన్న సరికొత్త ఫుల్‌ఫ్రేమ్ కెమెరా వణికే మౌంటు మీద ఇవ్వలేదు. మౌంటు ఇంత బరువు మోస్తుందని తయారీదారు చెప్పే సంఖ్యలో సగం నుంచి మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోవడం ఫొటోలు తీసేవారికి మంచి అలవాటు. కెమెరా, లెన్సు, బిగింపులు, కేబుళ్లు అన్నీ ఆ బరువులోకే వస్తాయి.

మూడో అడుగు: ఒక చిన్న లెక్క

ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. పిక్సెల్ వెడల్పును మైక్రోమీటర్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ దూరం ఎన్ని మిల్లీమీటర్లో దానితో భాగించండి. ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎన్ని ఆర్క్‌సెకండ్లు చూస్తుందో వస్తుంది. నేటి ఖగోళ కెమెరాల్లో విరివిగా కనిపించే 3.76 మైక్రోమీటర్ల పిక్సెల్‌ను 400 మి.మీ. టెలిస్కోపుకు తగిలిస్తే 1.9 వస్తుంది. 1000 మి.మీ. అయితే 0.78. 2000 మి.మీ. అయితే 0.39.

ఈ అంకెలతో ఏం చేయాలి? మామూలు రాత్రుల్లో గాలి కదలిక వల్ల నక్షత్రం 2 నుంచి 4 ఆర్క్‌సెకండ్ల ముద్దగా కనిపిస్తుంది. ఆ ముద్ద మీద రెండు మూడు పిక్సెళ్లు పడితే చాలు. అంటే పిక్సెల్‌కు 1 నుంచి 2 ఆర్క్‌సెకండ్ల మధ్య ఉంటే నీహారికలకు, గెలాక్సీలకు హాయిగా సరిపోతుంది. 0.39 దగ్గర మీరు గాలి వణుకునే పెద్దది చేసి చూస్తున్నట్టు. వివరం పెరగదు సరికదా, మౌంటు చేసే ప్రతి చిన్న తప్పూ బొమ్మలో కనిపిస్తుంది. ఎక్కువ మెగాపిక్సెళ్లు ఉన్నంత మాత్రాన ఇక్కడ ఒరిగేదేమీ లేదు.

గ్రహాలకు లెక్క వేరు. అక్కడ గాలి నిలకడగా ఉన్న క్షణాలనే ఏరుకుంటాం కాబట్టి సన్నని పిక్సెల్ కావాలి. పిక్సెల్ మైక్రోమీటర్లను అయిదుతో గుణిస్తే టెలిస్కోపుకు ఉండాల్సిన ఎఫ్ సంఖ్య (ఫోకల్ దూరాన్ని టెలిస్కోపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది) దాదాపుగా వస్తుంది. 2.9 మైక్రోమీటర్ల కెమెరాకు ఎఫ్/14 లేదా ఎఫ్/15.

నాలుగో అడుగు: సెన్సర్ ఎంత పెద్దది కావాలి?

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6 మి.మీ. సెన్సర్ వెడల్పును ఫోకల్ దూరంతో భాగించి 57.3తో గుణిస్తే ఆకాశంలో ఎన్ని డిగ్రీలు పడతాయో తెలుస్తుంది. 400 మి.మీ. దగ్గర ఏపీఎస్-సీకి 3.4 డిగ్రీలు, ఆండ్రోమెడా కొసకు కొస సరిపోతుంది. 1000 మి.మీ. దగ్గర అదే సెన్సర్‌లో 1.3 డిగ్రీలే పడతాయి, గెలాక్సీ మధ్యభాగంతో సరిపెట్టుకోవాలి. చందమామ లెక్క ఇంకా తేలిక: ఫోకల్ దూరాన్ని 110తో భాగిస్తే సెన్సర్ మీద పడే చందమామ వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది.

పెద్ద సెన్సర్ ఆశ పెడుతుంది, కానీ దాన్ని మూలలదాకా నింపగలిగే టెలిస్కోపులు తక్కువ. చాలా చిన్న టెలిస్కోపుల్లో ఫుల్‌ఫ్రేమ్ మూలలకు వెళ్లేసరికి నక్షత్రాలు తోకలు సాగి కనిపిస్తాయి, వెలుగు కూడా తగ్గిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఏపీఎస్-సీ తగిన పరిమాణమని నా నమ్మకం.

అయిదో అడుగు: ఎరుపు సంగతి అడగండి

నీహారికల్లో చాలావాటి ఎర్రదనం హైడ్రోజన్‌ది. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు, దీన్ని హైడ్రోజన్ ఆల్ఫా అంటారు. మామూలు కెమెరాల్లో మనుషుల చర్మం రంగు సహజంగా రావడానికి సెన్సర్ ముందు ఒక ఫిల్టరు పెడతారు. అది పరారుణ కాంతితో పాటు ఈ ఎరుపును కూడా చాలావరకు అడ్డుకుంటుంది. చాలా కెమెరాల్లో నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే లోపలికి చేరుతుంది. రోజెట్, కాలిఫోర్నియా, నార్త్ అమెరికా నీహారికలను మామూలు కెమెరాతో తీసినవారు గంటల తరబడి శ్రమించినా పాలిపోయిన గులాబీ మరక దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే.

దీనికి పరిష్కారం ఆ ఫిల్టరును తీయించడమో, మార్పించడమో. అలాంటి కెమెరాను మోడిఫైడ్ కెమెరా అంటారు. కొన్ని సంస్థలు కర్మాగారంలోనే ఇలా తయారుచేశాయి: కేనన్ 20డీఏ 2005లో, 60డీఏ 2012లో, నికాన్ డీ810ఏ 2015లో, కేనన్ ఈఓఎస్ ఆర్‌ఏ 2019లో వచ్చాయి. సెకండ్‌హ్యాండ్‌లో మోడిఫైడ్ కెమెరా దొరికితే ఒక ప్రశ్న తప్పక అడగండి: ఫిల్టరు మార్చారా, పూర్తిగా తీసేశారా? పూర్తిగా తీసేసినదైతే పరారుణ కాంతి కూడా లోపలికి వస్తుంది. లెన్సులు దాన్ని వేరే చోట ఫోకస్ చేస్తాయి కాబట్టి నక్షత్రాల చుట్టూ వాపులాంటి వలయం వస్తుంది. అప్పుడు అతినీలలోహిత, పరారుణ కాంతులను ఆపే ఫిల్టరు విడిగా కొనుక్కోవాలి. ఇలాంటి కెమెరాతో పగటి ఫొటోలు ఎర్రగా వస్తాయి, వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో సరిచేసుకోవాలి.

గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు, కృత్తికల చుట్టూ ఉండే నీలి మబ్బు మీ లక్ష్యాలైతే ఈ ఎరుపు సమస్య పెద్దగా అడ్డురాదు. ఓరియన్ నీహారిక ఎంత ప్రకాశవంతమంటే మామూలు కెమెరాలోనూ నిండుగా వస్తుంది. మొదటి ఏడాది వీటితోనే గడపవచ్చు. చేతిలో ఉన్న కెమెరాను వెంటనే కోయించకండి.

ఆరో అడుగు: వేడి

సెన్సర్ చీకట్లో ఉన్నా దానిలోని వేడి వల్ల ఎలక్ట్రాన్లు పుడుతూనే ఉంటాయి. దీన్ని డార్క్ కరెంట్ అంటారు. చాలా సెన్సర్లలో ఉష్ణోగ్రత 6 డిగ్రీలు పెరిగితే ఇది సుమారు రెట్టింపవుతుంది. 30 డిగ్రీల్లో ఉన్న సెన్సర్‌ను మైనస్ 5కు దించితే యాభై రెట్లకు పైగా తగ్గుతుందన్నమాట. ప్రత్యేక ఖగోళ కెమెరాల్లో ఉండే శీతలీకరణ పరికరం చేసేది ఇదే. బయటి ఉష్ణోగ్రత కంటే సుమారు 35 డిగ్రీలు తక్కువకు సెన్సర్‌ను దించగలదు.

శీతలీకరణ వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. సెన్సర్ ఉష్ణోగ్రత రాత్రంతా ఒకే అంకె దగ్గర నిలుస్తుంది. వేడి వల్ల వచ్చే చుక్కలను బొమ్మలోంచి తీసివేయడానికి మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములను ఒకసారి తీసి దాచుకుంటే నెలల తరబడి వాడుకోవచ్చు. మామూలు కెమెరా లోపల మాత్రం తీసేకొద్దీ వేడెక్కుతుంది, మొదటి ఫ్రేముకూ యాభయ్యో ఫ్రేముకూ వేడి మారిపోతుంది. కాబట్టి ఏ రాత్రికి ఆ రాత్రే డార్క్ ఫ్రేములు తీసుకోవాలి.

చల్లబరిచే కెమెరాకు 12 వోల్టుల విద్యుత్తు, ఎప్పుడూ కలిపి ఉంచే కంప్యూటర్ కావాలి. ఊరి వెలుపల చీకట్లోకి వెళ్లి తీసేవారు ఈ సరంజామా మోయగలరో లేదో ముందే ఆలోచించుకోవాలి. అటువైపే మొగ్గితే బ్రాండు కంటే లోపలి సెన్సర్ పేరు చూడండి. సోనీ తయారీ ఐఎమ్‌ఎక్స్571 (ఏపీఎస్-సీ, 26 మెగాపిక్సెళ్లు), ఐఎమ్‌ఎక్స్533 (చదరపు ఆకారం, 9 మెగాపిక్సెళ్లు) అనేక సంస్థల కెమెరాల్లో ఉన్నాయి. పాత సెన్సర్లలో మూలల నుంచి పాకే ఆంప్ గ్లో అనే వెలుగు వీటిలో బాధించదు.

ఇక్కడే ఐఎస్‌ఓ గురించి ఒక మాట. ఐఎస్‌ఓ పెంచితే సెన్సర్ ఎక్కువ కాంతిని పట్టదు, పట్టిన సంకేతాన్ని మాత్రమే పెంచుతుంది. 1,02,400 ఐఎస్‌ఓ అని పెట్టె మీద రాసి ఉంటే దానికోసం డబ్బు ఎక్కువ పెట్టనవసరం లేదు. ఆకాశాన్ని తీసేవారు సాధారణంగా 800 నుంచి 1600 మధ్యే తిరుగుతుంటారు.

ఏడో అడుగు: మామూలు కెమెరా అయితే ఇవి ఉన్నాయా?

రా ఫైలు, అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని కుదించకుండా దాచే ఫైలు తీయాలి. ఎంతసేపైనా తీయనిచ్చే బల్బ్ మోడ్ ఉండాలి. వరుసగా ఫ్రేములు తీయించే ఇంటర్వలోమీటర్ కెమెరాలోనే ఉండాలి, లేదా విడిగా తగిలించే వీలుండాలి. తెర బయటికి తిరిగితే మెడకు ఎంతో మేలు. నడినెత్తి మీది నీహారికకు గురిపెట్టి, తిరగని తెర కింద మోకాళ్ల మీద కూర్చుని ఫోకస్ చేసినవారికి ఆ విలువ తెలుస్తుంది. బ్యాటరీ స్థానంలో దూర్చి బయటి నుంచి విద్యుత్తు ఇచ్చే డమ్మీ బ్యాటరీ ఆ మోడల్‌కు దొరుకుతుందో లేదో చూడండి. కంప్యూటర్‌తో నడపాలనుకుంటే మీరు వాడబోయే సాఫ్ట్‌వేర్ ఆ మోడల్‌ను గుర్తిస్తుందో లేదో కొనకముందే సరిచూసుకోండి.

నలుపు తెలుపు కెమెరా గురించి క్లుప్తంగా చెబుతాను. రంగుల సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఒకటే ఎరుపును పట్టుకుంటుంది. నలుపు తెలుపు సెన్సర్‌లో నాలుగూ పడతాయి. కానీ ఫిల్టర్లు, వాటిని తిప్పే చక్రం, ఒక్కో రంగుకు విడి ఫ్రేములు, అన్నీ తోడవుతాయి. మబ్బు పట్టి రాత్రి మధ్యలో ఆపేయాల్సి వస్తే ఒక రంగు లేకుండా మిగిలిపోతారు. మొదటి కెమెరాగా నేను దీన్ని సూచించను.

ఎనిమిదో అడుగు: బిగింపు

మూలల్లోనూ నక్షత్రాలు చుక్కలుగా రావడానికి టెలిస్కోపు వెనుక పెట్టే ఫ్లాటెనర్ల నుంచి సెన్సర్ దాకా చాలావాటికి 55 మి.మీ. దూరం ఉండాలి. కేనన్ ఈఎఫ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో బిగింపు అంచు నుంచి సెన్సర్‌కు 44 మి.మీ., కెమెరాను టెలిస్కోపుకు కలిపే టీ-రింగ్ 11 మి.మీ., మొత్తం సరిగ్గా 55. మిర్రర్‌లెస్ కెమెరాలు పలుచన కాబట్టి పొడవాటి టీ-రింగ్ కావాలి. ఖగోళ కెమెరాలకు దూరం పెంచే స్పేసర్లు కలుపుకోవాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా మూలల్లోని నక్షత్రాలు గీతలుగా సాగుతాయి. అద్దాలతో పనిచేసే న్యూటోనియన్ టెలిస్కోపు ఉన్నవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి: కంటితో చూడటానికి తయారైన చిన్న న్యూటోనియన్లలో చాలావాటికి ఫోకసర్ (కెమెరాను బిగించి ముందుకూ వెనక్కూ జరిపే గొట్టం) ఇంకా లోపలికి వెళ్లాల్సి ఉన్నా వెళ్లదు, డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఫోకస్ కుదరదు.

తొమ్మిదో అడుగు: మూత పెట్టి పరీక్షించండి

సెకండ్‌హ్యాండ్ కెమెరా చేతికి వచ్చాక నేను పగటి ఫొటో తీసి చూడను. లెన్సు తీసేసి, బాడీకి మూత పెట్టి, వ్యూఫైండర్‌ను నల్లగుడ్డతో కప్పి, ఎక్కువ ఎక్స్‌పోజర్లకు నాయిస్ తగ్గించే సెట్టింగు ఆపేసి, 1600 ఐఎస్‌ఓ దగ్గర అయిదు నిమిషాల ఫ్రేములు మూడు తీస్తాను. ఆ నల్లటి బొమ్మను కంప్యూటర్‌లో పూర్తి పరిమాణంలో తెరిచి వెలుగు పెంచితే, చీకటి నేల మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. అవి వేడి పిక్సెళ్లు. వాటిని చూసి భయపడనక్కర్లేదు. మూడు ఫ్రేముల్లోనూ అవే చోట్ల ఉంటే డార్క్ ఫ్రేముతో తీసివేయవచ్చు. అంచు నుంచి ఊదారంగు వెలుగు పాకుతున్నా ఫ్రేము ఫ్రేముకూ మారకపోతే సరిచేయవచ్చు. నేను కెమెరా వెనక్కి ఇచ్చేసేది అడ్డంగానో నిలువుగానో చారలు కనబడి, అవి ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట ఉన్నప్పుడు. వాటిని ఏ తీసివేతా పోగొట్టలేదు.

తర్వాత అదే మూతతో రెండు సెకన్లు, పది సెకన్లు, ముప్పై సెకన్లు తీయండి. సమయం పెరిగేకొద్దీ చుక్కలు పెరగాలి. ఒక దశలో ఉన్నట్టుండి మాయమైతే కెమెరా వాటిని తనంతట తాను తుడిచేస్తోందని అర్థం. కొన్ని మోడళ్లు రా ఫైల్లో కూడా ఈ పని చేస్తాయి. అలాంటి కెమెరా సన్నని నక్షత్రాలను కూడా వేడి పిక్సెళ్లనుకుని తినేస్తుంది.

చివరగా లెన్సు బిగించి, ఎఫ్/16 దగ్గర తెల్లగోడను ఫోకస్ లేకుండా తీసి చూడండి. బూడిదరంగు మచ్చలు దుమ్మువి, శుభ్రం చేస్తే పోతాయి. గీత కనిపించి, శుభ్రం చేశాక కూడా అక్కడే ఉంటే ఆ కెమెరా వద్దు.

పదో అడుగు: వెనక్కి ఇచ్చే గడువు లోపే ఒక రాత్రి

ఆకాశం తేటగా ఉన్న మొదటి రాత్రే కెమెరాను బయటికి తీసుకెళ్లండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనుక తెర మీద కనిపించే ప్రత్యక్ష దృశ్యంలో, ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని తెర మధ్యకు తెచ్చి పది రెట్లు పెద్దది చేయండి. మొదట ఉబ్బిన వెలుగు ముద్ద కనిపిస్తుంది. ఫోకస్ రింగును వెంట్రుకవాసి తిప్పుతూ పోతే ముద్ద చిక్కి చిన్నదవుతుంది, కాస్త దాటితే మళ్లీ ఉబ్బుతుంది. వెనక్కి తిప్పండి. నక్షత్రం అన్నిటికంటే చిన్నగా మారిన చోట, అప్పటిదాకా తెరపై లేని మసక చుక్క ఒకటి దాని పక్కన తేలుతుంది. అక్కడ ఆపి రింగుకు టేపు అంటించండి. ఆ చుక్క కనిపించనంత నాయిస్ లైవ్ వ్యూలో ఉంటే, ఎంత వెతికినా ఫోకస్ కుదరకపోతే, తెల్లారాక కెమెరాను పెట్టెలో పెట్టి వెనక్కి ఇచ్చేయండి.